మొహమాటం మీటరు

గవర్రాజుకి ఒళ్ళు నొక్కే కుర్చీ మీద మనసు పడింది. కావాలంటే కొనుక్కోవచ్చు కదా అంటారేమో. కొనడానికి కావలసింది ఆయన దగ్గర లేదు. అడగడానికి కావలసింది అసలే లేదు.

రామచంద్రపురం చుట్టుపక్కల ఎక్కడ పెళ్ళి జరిగినా చదివింపుల మైకు గవర్రాజు చేతిలో ఉండాల్సిందే. "ద్రాక్షారామ వాస్తవ్యులు, పెళ్ళికొడుకు మేనమామగారు చదివించిన వెండి కుంకుమభరిణె!" అని ఆయన సాగదీసి చదివితే, ఇచ్చినాయనకే అది బంగారమేమోనని అనుమానం వచ్చేది. అంత గొంతున్న మనిషి తన కోసం నోరు తెరిచి గ్లాసుడు మంచినీళ్ళు అడగలేడు. పంక్తిలో పప్పు తన విస్తరి దాటి వెళ్ళిపోతే వెనక్కి పిలవలేక ఉత్తన్నం తిని లేచిన రోజులున్నాయి. మొహమాటం, మరేం కాదు.

ఆయన భార్య పేరిందేవి ఆ విషయంలో రెండాకులు ఎక్కువే చదివింది. కాకినాడలో ధ్వని పరిశోధనాలయంలో శాస్త్రవేత్త. రోజూ బస్సులో వెళ్ళొస్తుంది. పక్కన కూర్చున్నావిడ తన భుజం మీద తలవాల్చి నిద్రపోతే, లేపలేక స్టాపు దాటిపోయి, తర్వాతి ఊళ్ళో దిగి ఆటో ఎక్కి వెనక్కి వచ్చేది. పొద్దున్నే గవర్రాజు ప్రేమగా టీ పెట్టి ఇస్తాడు. అందులో మూడు చెమ్చాల పంచదార వేస్తాడు. పెళ్ళయిన పన్నెండేళ్ళ నుంచీ ఆవిడ ఆ పాకం కళ్ళు మూసుకుని తాగుతోంది.

ఇలాంటి ఇంట్లోకి కుర్చీ గొడవ ఎలా వచ్చిందంటే, హైదరాబాదులో ఎవరో తన కుక్క పుట్టినరోజుకి దానికి సముద్రం చూపించాలి, విమానం టిక్కెట్టు ఇప్పించండి అని ఫోన్లో లోకాన్నంతా అడిగాడట. ఊరూ పేరూ తెలియనివాళ్ళు తలా కాస్తా వేసి కుక్కని విమానం ఎక్కించారట. ఆ వీడియో చూసిన దగ్గర్నుంచీ గవర్రాజు మనసు మనసులో లేదు.

"కుక్కకిచ్చారు, నాకివ్వరా పేరిందేవీ? పెళ్ళిళ్ళలో గంటల తరబడి నిలబడి నిలబడి నడుం కొంకర్లు పోతోంది."

"అడిగితే ఇస్తారేమోనండీ."

"అదే కదా వచ్చిన చిక్కు."

అయినా తెగించి ఒక ఆదివారం ఫోను ఎదురుగా పెట్టుకుని మొదలెట్టాడు. "అందరికీ నమస్కారవండి. నా పేరు గవర్రాజండి. బావున్నారాండీ? పిల్లలు బావున్నారా? ఎండలు మండిపోతన్నాయ్ కదండీ, మీ వైపెలాగున్నాయండీ?" అని ముక్కూ మొహం తెలియని జనాన్ని నాలుగు నిమిషాలు కుశలమడిగాడు. కుర్చీ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కుడిచెవి తమ్మె గోక్కున్నాడు. మొహమాటం ముదిరితే ఆయన చెయ్యి అక్కడికే పోతుంది. "అబ్బే, ఏం లేదండీ. ఊరికే పలకరించి పోదావని" అని ఫోను ఆపేశాడు. కింద ఒకాయన "మేమంతా కులాసాయేనండీ" అని రాశాడు. వచ్చిన ఫలితం అంతే.

సరిగ్గా ఆ రోజుల్లోనే పేరిందేవి తన జీవితంలోకెల్లా పెద్ద సంగతి కనిపెట్టింది. మనిషి ఎదుటివాణ్ణి ఏదైనా అడగబోయేటప్పుడు మాటల అడుగున ఒక సన్నటి వణుకు పలుకుతుంది. చెవికి అందదు. డాక్టరు దగ్గర జబ్బు చెప్పుకోలేక నీళ్ళు నమిలేవాళ్ళ గొంతులు వందలకొద్దీ విని విని, ఆ వణుకుని పట్టుకుంది. దాన్ని గొంతులోంచి లాగేసే యంత్రం ఒకటి చేసింది. కొబ్బరికాయంత డబ్బా, పైన మైకు, ముందు సున్నా నుంచి వంద దాకా గీతలున్న మీటరు. ఎదురుగా నిలబడ్డ మనిషిలో ఎంత మొహమాటం ఉందో ముల్లు చూపిస్తుంది. మీట నొక్కి మైకులో మాట్లాడితే మాటతోపాటు మొహమాటం బయటికి వచ్చేస్తుంది. లాగేసిన మొహమాటం డబ్బాలోనే అణిగిపోతుందని ఆవిడ అనుకుంది. అక్కడే పప్పులో కాలేసింది.

డబ్బా ఇంటికి తెచ్చిన రోజు సరదాకి ఇద్దరూ కొలుచుకున్నారు. గవర్రాజుకి తొంభై. పేరిందేవి నిలబడగానే ముల్లు వంద దగ్గర టక్కున కొట్టుకుని అక్కడే ఇరుక్కుపోయింది. గోటితో మూడుసార్లు తడితే గాని వెనక్కి రాలేదు.

"ఏదీ, నన్నోసారి మాట్లాడనీ" అని గవర్రాజు మీట నొక్కి మైకు దగ్గరికి వంగాడు. "పేరిందేవీ, ఈ డబ్బా కొన్నాళ్ళు నాకిచ్చెయ్యి."

ఆయన అలా సూటిగా ఏదైనా అడగడం పన్నెండేళ్ళలో అదే మొదలు. అది పరిశోధనాలయం సొత్తు. ఇవ్వకూడదు. ఇవ్వకూడదనే చెప్పబోయింది పేరిందేవి.

"ఆయ్" అంది.

మా గోదారి వైపు ఆయ్ అంటే ఔనని అర్థం. విన్నానని అర్థం. చిత్తమని అర్థం. ఎవరైనా పిలిస్తే పలకడానికీ ఆయే. పై ఊళ్ళవాళ్ళకి ఈ తేడాలు ఓ పట్టాన తెలియవు, ఒక్కోసారి మాకే తెలియవు. ఏదైతేనేం, డబ్బా గవర్రాజు చేతికి పోయింది.

మర్నాడే డబ్బాకి ఫోను తగిలించి కూర్చున్నాడు. "నమస్కారవండి. నేను గవర్రాజునండి. నాకు ఒళ్ళు నొక్కే కుర్చీ కావాలండి. అవసరవేం లేదండి, సరదాయండి. కొనిపెట్టండి." అంతే. కుశలం లేదు, ఎండల ఊసు లేదు. విన్నవాళ్ళకి ఎందుకో కాదనబుద్ధి కాలేదు. వారం తిరక్కుండా కుర్చీ వచ్చి వీధరుగు మీద దిగింది.

కుర్చీ తర్వాత స్నానానికి పరిమళాల ఆవిరిగది వచ్చింది. దాని తర్వాత మామిడిపళ్ళు తొక్కతీసి ముక్కలుకోసి నోటికందించే మరబొమ్మ వచ్చింది. ఆ తర్వాత తెల్లగుర్రం అడిగాడు.

"గుర్రం దేనికండీ?" పేరిందేవి గుండెలు బాదుకుంది.

"ఎక్కడానికి."

"ఎక్కి ఎక్కడికి వెళ్తారు?"

"బజారుకి. బెండకాయలకి."

నిజంగానే గుర్రమెక్కి బెండకాయలకి వెళ్ళొచ్చాడు. ఊరంతా వీధుల్లోకి వచ్చి చూసింది. ఇదివరకైతే పది మంది చూస్తే సందులోకి తప్పుకునే మనిషి. ఇప్పుడు గుర్రాన్ని ఆపి మరీ, "చూశారా? బావుందా?" అని అడిగాడు. డబ్బాలో మాట్లాడిన కొద్దీ ఆయన ముల్లు దిగుతూ దిగుతూ సున్నా దగ్గర పడుకుంది.

పేరిందేవికి మొదట్లో ముచ్చటేసిన మాట నిజం. హోటల్లో చల్లారిన పెసరట్టు వెనక్కి పంపించే మొగుడు దొరికాడని లోలోపల మురిసింది కూడా. ఆ మురిపెం గోదశివారు ఊళ్ళో పెళ్ళిదాకానే.

గోదశివారులో కలవారి పెళ్ళి. చదివింపులు మొదలయ్యాయి. గవర్రాజు మైకు అందుకున్నాడు. "కోటిపల్లి వాస్తవ్యులు, పెళ్ళికూతురి పెదమావగారు చదివించిన స్టీలు బిందె!" అన్నాడు కమ్మగా. ఇదివరకైతే అక్కడ ఆగేవాడు. "ఈ బిందె కిందటి మాఘమాసంలో వీరి అబ్బాయి పెళ్ళిలో నేనే చదివానండి. అడుగున సొట్ట ఉందండి, అదే గుర్తు. ఆయ్."

పందిట్లో నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియలేదు. పెదమావగారు బిందె తీసుకుని బోర్లించి చూశాడు. సొట్ట ఉంది. తర్వాత ఒక పట్టుచీర వచ్చింది. దాని జరీ గురించి గవర్రాజు నోరు తెరవబోయేలోగా పెళ్ళికూతురి తండ్రి వచ్చి మైకు లాక్కున్నాడు. ఇరవై ఏళ్ళలో ఆయన చేతిలోంచి మైకు ఎవరూ తీసుకోలేదు. ఆ ముహూర్తాల్లో మళ్ళీ ఒక్క పిలుపు రాలేదు.

ఇంట్లోనూ అదే వరస. ఆయన మేనత్త సుభద్రాయమ్మ ముచ్చటపడి పనసపొట్టు కూర వండి తెస్తే, "అత్తా, ఆవ ఎక్కువైంది. ముప్ఫై ఏళ్ళుగా ఎక్కువే వేస్తున్నావు" అనేశాడు. ఆవిడ గొడుగు మర్చిపోయి వెళ్ళిపోయింది. "ఈ వంగపండు రంగు చీర నీకు నప్పదు పేరిందేవీ, ఆకుపచ్చది కట్టుకో" అన్నాడు. చీర మార్చుకుంటూ అద్దం ముందు నిలబడ్డప్పుడు పేరిందేవి గుండెలో రాయి పడింది. ఈ మనిషి ఇప్పుడు ఏం చెప్పినా నిజమే చెబుతాడు. అలాగైతే ఆ ఒక్క సంగతి గురించి ఏం చెబుతాడు?

ఆ సంగతి ఇదీ. పన్నెండేళ్ళ కిందట పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు పెట్టిన మైసూరు బజ్జీల్లో పేరిందేవి ఒకసారి, అది చూసుకోక వాళ్ళమ్మ మరోసారి ఉప్పు వేశారు. పెళ్ళివారిలో మిగతా అందరూ ఒక్కోటి కొరికి పక్కన పెట్టారు. గవర్రాజు మాత్రం పదకొండు తిన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా "బావున్నాయండి" అన్నాడు. పిల్ల నచ్చిందా అని అడిగితే చెవి గోక్కుని, అదే గొంతుతో "బావుందండి" అన్నాడు. బజ్జీల్ని మెచ్చుకున్నది మొహమాటానికైతే, తనని మెచ్చుకున్నది మాత్రం దేనికి? పెళ్ళయిన మర్నాటి నుంచీ ఆవిడని ఈ ప్రశ్న తొలుస్తూనే ఉంది. అడుగుదామంటే నోరు రాదు. ఇప్పుడు అడిగితే నిజం తెలుస్తుంది. తెలిస్తే ఏం చెయ్యాలో తెలియక ఆవిడకి అన్నం సయించడం మానేసింది.

ఒకనాటి సాయంత్రం వీధిలో బజ్జీల బండి వెళ్ళింది. గవర్రాజు కుర్చీలో వెనక్కి వాలి వీపు నొక్కించుకుంటూ, "బజ్జీలంటే గుర్తొచ్చింది. ఆ వేళ మీ ఇంట్లో..." అన్నాడు.

"అయ్యో, పాలు పొంగుతున్నాయి!" అని పేరిందేవి వంటింట్లోకి పరిగెత్తింది. పొయ్యి మీద పాలు లేవు. ఖాళీ పొయ్యి ముందు చాలాసేపు నిలబడింది.

ఇలా నడుస్తుండగా జంగారెడ్డిగూడెం నుంచి ఫోనొచ్చింది. మణిమాల అనే అమ్మాయి. బట్టలు కుడుతుందట. గుర్రం దాణాకి తన వంతు ఇచ్చిన మనిషి.

"మేడం గారాండీ? ఏవనుకోకండేం. ఇబ్బంది పెడతన్నానేమోనండీ. తర్వాత చెయ్యమంటే చేస్తానండీ."

"చెప్పమ్మా, ఫరవాలేదు."

"మీ ఆయనగారి గుర్రానికి ఇచ్చిన కాణ్ణుంచీ నాకేదో అయిపోయిందండీ. ఎవరేమడిగినా కాదనలేకపోతన్నానండీ. రేపటికి జాకెట్టు కావాలంటే ఆయ్ అంటన్నాను. అలా నలభై మందికి అన్నానండీ. ఎల్లుండి నాకు పెళ్ళిచూపులండీ. ఆ అబ్బాయి నాకొద్దండీ. ఇదివరకే ఓసారి మొహమ్మీదే వొద్దనేశానండీ. మళ్ళీ వస్తావంటే ఈసారి ఆయ్ అన్నానండీ. ఎల్లుండి ఆళ్ళు అడిగితే మళ్ళీ అదే అనేస్తానండీ. నాకు తెలుస్తానే ఉందండీ." ఆ పిల్ల ముక్కు చీదింది. "పోనీలెండి, మీకు పనుంటే పెట్టేస్తానండీ."

పేరిందేవి వెంటనే కాకినాడ బస్సెక్కింది. పరిశోధనాలయంలో తలుపేసుకుని, గుర్రానికీ కుర్చీకీ ఇచ్చినవాళ్ళకి వరసగా ఫోన్లు చేసి గొంతులు కొలిచింది. తుని దగ్గర బస్సు కండక్టరు దొరికాడు. ఎక్కిన ప్రతివాడికీ తన సీటు ఇచ్చేసి మోకాళ్ళు వాచి మంచం పట్టాడు. సత్తుపల్లిలో ఒక పళ్ళ డాక్టరు రోగిని నోరు తెరవమని అడగలేక, ఎదురుగా కూర్చుని వాతావరణం గురించి మాట్లాడి పంపిస్తున్నాడు. ఒకావిడ ఇంటికి పూటకి వచ్చిన చుట్టాలు పందొమ్మిది రోజులుగా ఉన్నారు. అందరికీ మొహమాటం పెరిగింది. పెరిగిందంతా కలిపి చూస్తే, గవర్రాజుకి తగ్గిన లెక్కకి ఇంచుమించు సరిపోయింది.

డబ్బాలో ఏమీ అణగలేదు. మొహమాటం పుట్టదు, చావదు. ఆ యంత్రంలో అడిగితే, అడిగిన మనిషి దగ్గర్నుంచి ఆయ్ అన్న మనిషికి పోతుంది. పేరిందేవి తల పట్టుకుని కూర్చుంది. ఇంత పెద్ద సూత్రం కనిపెట్టినందుకు సంతోషించాలో, ఇంతమంది కొంప ముంచినందుకు ఏడవాలో తెలియక రెండూ కాస్త కాస్త చేసింది. వెనక్కి తిప్పే దారి ఒక్కటే కనబడింది. ఇచ్చినవాళ్ళంతా యంత్రంలోనే గవర్రాజుని ఏదో ఒకటి అడగాలి. ఆయన ఆయ్ అనాలి, అని ఇవ్వాలి.

ఇంటికొచ్చి చెబితే గవర్రాజు కుర్చీలోంచి లేవలేదు. "నా మొహమాటం నాకు తిరిగొస్తుందా? నాకెందుకే అది? లేకపోతే హాయిగా ఉంది."

"మైకు కూడా తిరిగొస్తుందండీ" అంది పేరిందేవి.

ఆయన కుర్చీ మీట ఆపేశాడు. "గోదశివారులో మైకు లాక్కున్నప్పుడు నాకు సిగ్గెయ్యలేదు పేరిందేవీ. బాధేసింది. సిగ్గు లేకుండా బాధొక్కటే వేస్తే ఎలా ఉంటుందో నీకు తెలీదు." మొహమాటం లేని మనిషి కనక, ఉన్నదున్నట్టు చెప్పాడు. తర్వాత మణిమాల సంగతి విని లేచి నిలబడ్డాడు. "ఎల్లుండా? రేపు పొద్దున్నే మొదలెట్టేద్దాం."

పొద్దున్న తొమ్మిదింటికి చావట్లో డబ్బా పెట్టి, అందరికీ కబురు పంపి ఫోను కలిపారు. గవర్రాజు పాత చదివింపుల గొంతు సవరించుకున్నాడు. "తుని వాస్తవ్యులు, బస్సు కండక్టరుగారు! ఏం కావాలో అడగండి!"

"అబ్బే, నాకేం వొద్దండీ."

"సత్తుపల్లి వాస్తవ్యులు, పళ్ళ డాక్టరుగారు!"

"అయ్యో, ఎందుకండీ శ్రమ. వద్దండీ."

ఏ ఒక్కరూ అడగలేదు. అడగడానికి అడ్డొచ్చే సరుకే కదా వాళ్ళలో పేరుకున్నది! మొహమాటం తిరిగి ఇవ్వడానికి మొహమాటపడుతున్నారు. గంట గడిచింది. ముల్లు సున్నా మీద నుంచి కదల్లేదు. పెరటి గుమ్మంలోంచి గవర్రాజు గుర్రం వంక, గుర్రం గవర్రాజు వంక చూసుకున్నారు.

అప్పుడు పేరిందేవికి వెలిగింది. "ఏవండీ, మనవాళ్ళు విస్తరి ముందు ఒకసారి వద్దంటే వద్దనా? ముచ్చటగా మూడోసారి అడగండి."

గవర్రాజు పంక్తి మధ్య నేతిగిన్నె పట్టుకుని నిలబడ్డవాడిలా గొంతు మార్చాడు. "కండక్టరుగారూ, అలా అంటే ఎలాగండీ. మీ ఇల్లనుకోండి."

"వొద్దు వొద్దండీ, చాలండీ."

"నా మీద ఒట్టేనండీ. నా మాట కొట్టేస్తారా ఏంటి?"

అవతల చిన్న దగ్గు వినబడింది. "అంతలా అంటున్నారు కాబట్టీ... ఆ కుర్చీ ఉంది కదండీ. మోకాళ్ళు నొక్కుద్దాండీ?"

"ఆయ్! పుచ్చుకోండి!"

ముల్లు రెండు గీతలు లేచింది. అక్కణ్ణుంచి ఆగలేదు. ఆవిరిగది ఒకరికి పోయింది. మామిడిపళ్ళ బొమ్మ సత్తుపల్లి డాక్టరుకి పోయింది, అది నోరు తెరవమని అడుగుతుంది కనక. ఏమీ తోచనివాళ్ళు ఓ పాట పాడమన్నారు, ఊరి పేరు గట్టిగా చదవమన్నారు. గుర్రాన్ని కాకరపర్రులో ఒక మాస్టారు అడిగాడు. చిన్నప్పటి కోరికట. చెప్పేటప్పుడు ఏడ్చేశాడు పాపం.

"గుర్రం రేపు బయల్దేరుతుంది మాస్టారూ" అని, ఆ తర్వాత మణిమాల పేరు పిలిచాడు గవర్రాజు.

ఆ పిల్లని మూడుసార్లు కాదు, ఏడుసార్లు బతిమాలాల్సి వచ్చింది. చివరికి, "ఆ గుర్రాన్ని ఒక్కసారి చూపిస్తారాండీ?" అంది. గవర్రాజు ఫోను పట్టుకుని పెరట్లోకి పరిగెత్తి చూపించాడు.

"బావుందండీ" అంది మణిమాల. ఒక్క క్షణం ఆగి, "కొంచెం బక్కచిక్కింది. దాణా సరిగ్గా పెట్టట్లేదు మీరు" అంది.

"అమ్మాయ్, రేపు ఆ పెళ్ళివాళ్ళకి మేమేమైనా ఫోను చేసి..."

"అక్కర్లేదండీ. నేనే చెప్పుకుంటాను" అని వెళ్ళొస్తానన్న మాటైనా లేకుండా ఫోను పెట్టేసింది. పేరిందేవికి సంతోషంతో కళ్ళు చెమర్చాయి.

చెమర్చిన కళ్ళతోనే ముల్లు వంక చూసి ఉలిక్కిపడింది. యాభై దాటింది. ముల్లు ఎక్కే కొద్దీ ఆయన నోట నిజం వచ్చే దారి మూసుకుపోతోంది. అడగాలంటే ఇప్పుడే అడగాలి. ఈ ఫోను అయ్యాక అడుగుదామనుకుంది. ఇంకో ఫోను వచ్చింది. అది కూడా అయ్యాక అనుకుంది. అరవై. డెబ్భై. గవర్రాజు చెయ్యి మెల్లగా చెవి దగ్గరికి పోయింది. పేరిందేవి నోరు తెరిచి, "మంచినీళ్ళు కావాలాండీ?" అని మూసుకుంది. తన మీద తనకే అసహ్యమేసింది.

మధ్యాహ్నానికి పేర్లన్నీ అయిపోయాయి. ముల్లు ఎనభై ఒకటి దగ్గర ఆగింది.

"తొంభై కదా ఉండాలి" అన్నాడు గవర్రాజు. "ఎవరో మిగిలిపోయినట్టున్నారు."

పేరిందేవి జాబితా రెండుసార్లు చూసింది. మూడోసారి చూడబోతూ ఆగిపోయింది. ఈ డబ్బాలో ఆయన మొట్టమొదట అడిగింది ఎవర్ని? ఆయ్ అన్నది ఎవరు? ఆ మిగిలిన తొమ్మిది గీతలూ తన దగ్గరే ఉన్నాయి. అసలే వంద దాటిన మనిషి, పైన ఆయన మొహమాటం కూడా మోస్తూ తిరుగుతోంది. పొయ్యి మీద లేని పాల కోసం పరిగెత్తిందంటే పరిగెత్తదూ!

"ఆ మిగిలిందాన్ని నేనేనండీ" అంది.

"అయితే అడుగు. నీకేం కావాలి?"

"నాకేం వద్దండీ."

"అలా అంటే ఎలాగా?"

"వద్దు, నిజంగానే."

గవర్రాజు చెవి గోక్కున్నాడు. "పెళ్ళయి పన్నెండేళ్ళయింది. ఒక్కసారైనా నన్నేదీ అడగలేదు నువ్వు. నా మీద ఒట్టు, అడుగు పేరిందేవీ."

మూడోసారి. ఇంక వద్దనడానికి లేదు. ఆయన పాత తొంభైకి ఇంకా తొమ్మిది గీతలు తక్కువున్నాయి. ఆ సందులోంచి నిజం బయటికి రావచ్చు. పేరిందేవి మీట నొక్కి మైకు పట్టుకుంది.

"నాకు ఒక నిజం కావాలండీ. ఆ వేళ బజ్జీలు బావున్నాయన్నారు. నేనూ బావున్నానన్నారు. అది..." మైకుని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "అది మొహమాటానికేనా? చెబుతారా?"

అడిగేసింది. అడుగుతున్నంతసేపూ గుండెల మీంచి ఏదో జారిపోతున్నట్టు, ఒళ్ళు తేలికవుతున్నట్టు తెలుస్తూనే ఉంది.

"ఆయ్, చెబుతాను" అన్నాడు గవర్రాజు. ఆ మాటతో ముల్లు ఎనభై ఒకటి నుంచి లేచి, తొంభై దాటి, ఆవిడ సొంత మొహమాటం కూడా మూటగట్టుకుని పోయి వంద దగ్గర టక్కున కొట్టుకుంది. అక్కడే ఇరుక్కుపోయింది. ఆయన మొహం కందగడ్డ అయింది. రెండు చేతులూ రెండు చెవుల దగ్గరికి పోయాయి. "అబ్బెబ్బే, అదేం లేదే! భలేదానివే! మొహమాటమేంటి! బజ్జీలు... బజ్జీలు కూడా బ్రహ్మాండంగా ఉన్నాయి."

బజ్జీలు బ్రహ్మాండమట! పేరిందేవికి నవ్వొచ్చింది. నెలన్నరపాటు నిజం తప్ప మాట్లాడని మనిషిని ఇంట్లో పెట్టుకుని, పాలు పొంగాయని పారిపోయింది. ఇప్పుడింక ఆ నిజం తనకి దొరకదు. దొరకదని తెలిసినా ఏడుపు రాకపోవడం ఆవిడకే వింతగా ఉంది.

గవర్రాజు నేల చూపులు చూస్తూ, "మరి..." అన్నాడు. ఆగాడు. గుర్రం దిక్కు చూసి, "మరి నువ్వు..." అన్నాడు. మళ్ళీ ఆగి, వినీ వినబడనట్టు, "నువ్వెందుకు ఒప్పుకున్నావు?" అన్నాడు.

అదివరకటి పేరిందేవి అయితే "భలేవారే" అని లోపలికి పోయేది. ఈ పేరిందేవి దగ్గర దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"నేను ఒప్పుకోలేదండీ" అంది.

"ఆఁ?"

"అందరి ముందూ నాన్నగారు 'అమ్మాయ్' అని పిలిచారు. 'ఆయ్' అని పలికాను. 'ఇష్టమేనా' అని ఆయన అడగనైనా లేదు, ఇంతలోనే మీ మేనత్తగారు అమ్మాయి ఔనందని చప్పట్లు కొట్టేసింది. అందరూ పంచదార నోట్లో పోసుకున్నారు. అది పిలిస్తే పలికిన ఆయ్, పెళ్ళికి ఒప్పుకున్న ఆయ్ కాదు అని చెప్పడానికి నాకు మొహమాటమేసింది."

గవర్రాజు అరుగు మీద కూలబడ్డాడు. కుర్చీ అప్పటికే కండక్టరుదైపోయింది కనక, దాంట్లో కూర్చోడానికి ఆయనకి మనసొప్పలేదు. "అంటే ఇన్నేళ్ళూ..." అన్నాడు. మొహం చూస్తే జాలేసింది పేరిందేవికి. వెళ్ళి పక్కన కూర్చుంది.

"కంగారు పడకండి. ఆ వేళ ఎవరూ నన్ను సరిగ్గా అడగలేదు. ఇప్పుడడగండి. నా దగ్గర ఇప్పుడు రవ్వంత మొహమాటం లేదు. మీరేమడిగినా ఉన్నమాటే చెబుతాను. నాకు మీరు నచ్చారో లేదో, మీతో ఉంటానో లేదో, మీరే అడగండి."

గవర్రాజు ఆవిడ వంక చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. మూడు మండలాల్లో ఎందరి పేర్లో చదివిన గొంతు ఒక్క మాటకి పెగలడం లేదు. నోరు తెరిచాడు. మూశాడు. కుడిచెవి గోక్కున్నాడు, ఎడమచెవి గోక్కున్నాడు. పెరట్లో గుర్రం కూడా గడ్డి నమలడం ఆపింది.

"టీ..." అన్నాడు చివరికి. "టీ పెట్టనా?"

పేరిందేవి ఆయన్ని పైనుంచి కింది దాకా ఓసారి చూసింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ వినడం లేదు, చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు.

"ఆయ్" అంది.

ఆయన మొహం వెలిగిపోయింది. పంచె ఎగ్గట్టి వంటింటి వైపు రెండంగల్లో వెళ్ళాడు. వెనక నుంచి ఆవిడ కేకేసింది.

"పంచదార ఒక్క చెమ్చానే! పన్నెండేళ్ళుగా చెబుదామనుకుంటున్నాను!"